హిస్టోన్ భేదరూపాలు – న్యూక్లియోసోమ్ నిర్మాణం: శాస్త్ర రూపకాలపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

కణకేంద్రకంలో డి.ఎన్.ఏ. అమరికను వివరించడానికి జీవశాస్త్రం ప్రధానంగా రెండు రూపకాలను ఆశ్రయించింది. మొదటిది పూసల దండ. రెండవది లిపి. హిస్టోన్ భేదరూపాల మీద గత నాలుగు దశాబ్దాలలో జరిగిన పరిశోధనలు ఈ రెండింటి పరిమితులనూ బయటపెట్టాయి. ఒక హిస్టోన్ స్థానంలో దాని భేదరూపం చేరినప్పుడు న్యూక్లియోసోమ్ అంతర్బంధాలు, దానిపై చుట్టుకొనే డి.ఎన్.ఏ. నిడివి, దాని ఉపరితలం మారవచ్చు. ఈ మార్పును వ్రాతగా గాని, వరుసలోని మరో పూసగా గాని వర్ణించలేము. సంప్రదాయ వ్యాకరణంలోని ఆగమ, ఆదేశ భావనలు ఈ విషయాన్ని తెలుగులో స్పష్టంగా చెప్పడానికి ఎంతవరకు ఉపకరిస్తాయో, తగిన తెలుగు పారిభాషిక పదం ఏది కావాలో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: హిస్టోన్, న్యూక్లియోసోమ్, భేదరూపం, రూపకం, ఆగమం, ఆదేశం, పాఠాంతరం, పారిభాషిక పదం.

1. ఉపోద్ఘాతం:

శాస్త్రం కంటికి కనిపించని వస్తువును వర్ణించవలసి వచ్చినప్పుడు కనిపించే వస్తువును ఉపమానంగా తెచ్చుకుంటుంది. ఆ ఉపమానం మొదట బోధనా సౌకర్యం కోసమే వస్తుంది. కాలక్రమంలో అది వివరణ స్థానాన్ని ఆక్రమిస్తుంది. విద్యార్థి ఉపమేయాన్ని మరచి ఉపమానాన్నే గుర్తుంచుకుంటాడు. అందువల్ల శాస్త్ర వాఙ్మయంలోని ఉపమానాలను పరీక్షించడం సాహిత్య విమర్శకు బయటి పని కాదు. సమానధర్మం ఎంతవరకు ఉంది, ఎక్కడ తప్పిపోయింది అని అడగడం అలంకారశాస్త్రం నేర్పిన ప్రాథమిక పరీక్షే.

ఈ పరీక్షకు న్యూక్లియోసోమ్ తగిన ఉదాహరణ. మానవ కణం ఒక్కొక్కదానిలో సుమారు రెండు మీటర్ల డి.ఎన్.ఏ. ఉంటుంది. అది మిల్లీమీటరులో వందో వంతు కూడా లేని కేంద్రకంలో ఇమడాలి. ఈ ఇమడికకు తొలి మెట్టు న్యూక్లియోసోమ్. హెచ్2ఏ, హెచ్2బి, హెచ్3, హెచ్4 అనే నాలుగు హిస్టోన్ ప్రోటీన్లు రెండేసి చొప్పున కలిసి ఒక అష్టకం ఏర్పడుతుంది. దాని చుట్టూ డి.ఎన్.ఏ. చుట్టుకొంటుంది. ఇంతవరకు ఇంటర్మీడియట్ స్థాయి విద్యార్థికి కూడా తెలిసిన విషయమే. అయితే ఈ నాలుగింటిలో కొన్నింటికి బదులుగా వేరే జన్యువుల నుంచి తయారైన, వాటిని పోలిన ప్రోటీన్లు కూడా అష్టకంలో చేరుతాయి. ఆంగ్లంలో వీటిని హిస్టోన్ వేరియంట్లు అంటారు. ఈ వ్యాసంలో వీటిని భేదరూపాలు అని వ్యవహరించడం జరుగుతుంది. ఈ పదాన్ని ఎంచుకోవడానికి కారణం ఏడో భాగంలో వివరించబడింది.

2. పూసల దండ: ఉపమానం, దాని పరిమితి:

హిస్టోన్లను 1884లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్‌బ్రెక్ట్ కోసెల్ పక్షుల రక్తకణాల నుంచి వేరుచేశాడు. ఆ తరువాత చాలాకాలం అవి డి.ఎన్.ఏ.ను కప్పి ఉంచే నిష్క్రియ పదార్థంగానే పరిగణింపబడ్డాయి. 1974లో రెండు ముఖ్యమైన ప్రచురణలు వెలువడ్డాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో క్రోమాటిన్ సన్నని దారం మీద గుండ్రని కణికల వరుసలా కనిపించిందని ఓలిన్స్ దంపతులు చూపారు. ఎనిమిది హిస్టోన్లు, సుమారు 200 క్షార జతల డి.ఎన్.ఏ. కలిసి ఒక పునరావృత ప్రమాణంగా ఏర్పడతాయని రోజర్ కోర్న్‌బర్గ్ ప్రతిపాదించాడు. ఆ మరుసటి ఏడు పియర్ షాంబోన్ బృందం ఈ ప్రమాణానికి న్యూక్లియోసోమ్ అనే పేరు పెట్టింది. ఆ చిత్రాల నుంచి పుట్టిన పూసల దండ అనే వర్ణన నేటికీ పాఠ్యపుస్తకాలలో నిలిచి ఉంది.

ఈ ఉపమానంలో సమానధర్మం ఒకటే: సమాన దూరాలలో గుండ్రని వస్తువుల వరుస. తక్కినవన్నీ భిన్నధర్మాలే. పూసకు నడుమ రంధ్రం ఉంటుంది, దారం దాని లోపలి నుంచి పోతుంది. న్యూక్లియోసోమ్‌లో డి.ఎన్.ఏ. లోపలి నుంచి పోదు, వెలుపల చుట్టుకొంటుంది. పూసను దారం మీద అటూ ఇటూ జరిపినా పూసకు గాని, దారానికి గాని మార్పు రాదు. న్యూక్లియోసోమ్‌లో డి.ఎన్.ఏ. బలంగా వంగుతుంది. ఆ వంపును నిలిపి ఉంచేది హిస్టోన్లతో దానికి ఉన్న బంధాలే. 1997లో కారొలిన్ లూగర్, టిమొతీ రిచ్‌మండ్, వారి సహచరులు 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో ప్రచురించిన స్ఫటిక నిర్మాణం ఈ సంగతిని నిర్ధారించింది. ఆ నిర్మాణంలో 146 క్షార జతలు అష్టకం చుట్టూ ఎడమచేతి వాటపు సర్పిలంగా సుమారు 1.65 చుట్లు తిరిగి ఉన్నాయి. తరువాతి అధ్యయనాలలో 147 క్షార జతలు ప్రామాణిక సంఖ్యగా స్థిరపడింది.

దారపు ఉండ అనే మరో ఉపమానం ఈ లోపాన్ని కొంత సరిచేస్తుంది. కాని దానిలోనూ నడుమ ఉన్న కండె నిష్క్రియమే. ఏ కండె అయినా ఒకటే. పూసల దండకూ దారపు ఉండకూ ఉమ్మడిగా ఉన్న ఈ భావనే భేదరూపాల విషయంలో పెద్ద అడ్డంకి. ప్రమాణాలన్నీ ఒకే అచ్చులో పోసినవని విద్యార్థి మొదటే నమ్మితే, వాటిలో తేడాలున్నాయని తరువాత చెప్పినప్పుడు ఆ తేడాలు రంగురంగుల పూసల వంటి అలంకారభేదాలుగా మాత్రమే తోస్తాయి.

3. లిపి రూపకం: ఆగమం, ఆదేశం:

2000లో బ్రయన్ స్ట్రాల్, డేవిడ్ ఆలిస్, 2001లో థామస్ యెనువైన్, డేవిడ్ ఆలిస్ ప్రచురించిన వ్యాసాలతో హిస్టోన్ సంకేతలిపి అనే భావన ప్రచారంలోకి వచ్చింది. హిస్టోన్ల తోకలపై ఎసిటైల్, మిథైల్, ఫాస్ఫేట్ వంటి చిన్న సమూహాలు చేరుతాయి. వాటిని చేర్చే ఎంజైములు వ్రాసేవి, తొలగించేవి చెరిపేవి, గుర్తుపట్టే ప్రోటీన్లు చదివేవి అని పేర్లు స్థిరపడ్డాయి. జీవశాస్త్రానికి ఈ ధోరణి కొత్త కాదు. జన్యు సమాచారం ఆర్.ఎన్.ఏ.గా మారడాన్ని అనులేఖనమనీ, ఆర్.ఎన్.ఏ. నుంచి ప్రోటీన్ తయారుకావడాన్ని అనువాదమనీ తెలుగు పాఠ్యపుస్తకాలు కూడా అంటూనే ఉన్నాయి. లిపి రూపకం దాని కొనసాగింపే.

తోకలపై చేరే సమూహాల విషయంలో ఈ రూపకం కొంతవరకు పొసగుతుంది. భేదరూపాల విషయంలో పొసగదు. ఇక్కడ ఉన్న హిస్టోన్ మీద ఏదో వ్రాయడం లేదు. ఉన్న హిస్టోన్ తొలగిపోయి వేరొకటి వచ్చి కూర్చుంటున్నది. అంటే కాగితం మీది అక్షరం కాక కాగితమే మారుతున్నది.

ఈ తేడాను చెప్పడానికి తెలుగు విద్యార్థికి చిరపరిచితమైన ఒక జంట భావన ఉంది. ఆగమం మిత్రునిలా వచ్చి పక్కన చేరుతుందని, ఆదేశం శత్రువులా ఉన్నదానిని తొలగించి దాని స్థానాన్ని ఆక్రమిస్తుందని సంప్రదాయ వ్యాకర్తలు చెబుతారు. ‘మా + అమ్మ’ అనేది ‘మాయమ్మ’ అయినప్పుడు యకారం అదనంగా చేరింది, ఉన్న వర్ణమేదీ పోలేదు. అది ఆగమం. ‘వాడు + పోయె’ అనేది ‘వాడువోయె’ అయినప్పుడు పకారం పోయి దాని స్థానంలో వకారం వచ్చింది. అది ఆదేశం. ఎసిటైల్ సమూహం చేరడం ఆగమం వంటిది. హెచ్2ఏ పోయి హెచ్2ఏ.జెడ్ రావడం ఆదేశం వంటిది.

ఈ పోలిక పైపైది కాదనడానికి ప్రయోగాధారం ఉంది. ఈస్ట్ కణాలలో ఎస్.డబ్ల్యు.ఆర్.1 అనే ప్రోటీన్ సముదాయం న్యూక్లియోసోమ్‌లోని హెచ్2ఏ–హెచ్2బి జంటను తీసివేసి హెచ్2ఏ.జెడ్–హెచ్2బి జంటను ప్రవేశపెడుతుందని 2004లో వెల్లడైంది. ఈ పనికి అది ఏ.టి.పి. శక్తిని వెచ్చిస్తుంది. స్థాని తొలగడం, ఆదేశం రావడం అనే రెండు దశలూ ఇక్కడ భౌతికంగానే ఉన్నాయి. అయితే ఈ పోలికకూ హద్దు ఉంది. వ్యాకరణంలో ఆదేశం వచ్చినా పదం అర్థం సాధారణంగా మారదు. న్యూక్లియోసోమ్‌లో ఆదేశం వల్ల నిర్మాణమూ, దానితో పాటు పనీ మారవచ్చు. ఆ మార్పు ఎటువంటిదో భేదరూపాన్ని బట్టి విడివిడిగా చూడవలసి ఉంది.

4. భేదరూపాలు నిర్మాణాన్ని మార్చే తీరు:

4.1 హెచ్2ఏ.జెడ్: లోపల ఒకటి, వెలుపల ఒకటి:

హెచ్2ఏ.జెడ్‌కు సాధారణ హెచ్2ఏతో అమైనో ఆమ్లాల క్రమంలో సుమారు 60 శాతం పోలిక ఉంది. ఎలుకలలో ఇది లేకపోతే పిండం బ్రతకదు. 2000లో ప్రచురితమైన దీని స్ఫటిక నిర్మాణంలో న్యూక్లియోసోమ్ మొత్తం ఆకృతి పెద్దగా మారలేదు. కాని రెండు తావులలో ముఖ్యమైన తేడాలు కనిపించాయి. హెచ్2ఏ.జెడ్–హెచ్2బి జంటకూ, నడుమ ఉన్న హెచ్3–హెచ్4 చతుష్కానికీ మధ్య బంధం కొంత బలహీనపడింది. న్యూక్లియోసోమ్ ఉపరితలం మీద ఆమ్ల స్వభావం గల ప్రదేశం మరింత విస్తరించింది. పొరుగు న్యూక్లియోసోమ్ నుంచి వచ్చే హెచ్4 తోక ఆనుకొనే తావు ఇదే.

హెచ్2ఏ.జెడ్ న్యూక్లియోసోమ్‌ను వదులు చేస్తుందని కొన్ని ప్రయోగాలూ, గట్టిపరుస్తుందని మరికొన్నీ చెప్పాయి. పైపైన చూస్తే ఇవి పరస్పర విరుద్ధాలు. కాని ‘స్థిరత్వం’ అనే ఒకే మాట ఇక్కడ వేర్వేరు విషయాలను సూచిస్తున్నది. ఒకటి అష్టకం లోపలి బంధాల గట్టితనం. మరొకటి న్యూక్లియోసోమ్‌లు ఒకదానితో ఒకటి అల్లుకొనే తీరు. మొదటిది సడలి, రెండవది బిగియడం సాధ్యమే. దీనికి తోడు ప్రయోగంలో వాడిన లవణ గాఢత, జతగా ఉన్న హెచ్3 ఏ రకానిది అనేవి కూడా ఫలితాన్ని మారుస్తాయి. ఒక పదం రెండు అర్థాలలో వాడబడినప్పుడు వాదం ఎలా దారితప్పుతుందో విమర్శకులకు తెలియనిది కాదు.

4.2 హెచ్3.3: ఖాళీగా తోచిన చోటు:

మానవులలో హెచ్3.3కూ హెచ్3.1కూ ఉన్న తేడా అయిదు అమైనో ఆమ్లాలు మాత్రమే. హెచ్3.2తో తేడా నాలుగే. హెచ్3.3 గల న్యూక్లియోసోమ్ స్ఫటిక నిర్మాణం సాధారణ న్యూక్లియోసోమ్‌కు దాదాపు సమానంగా ఉంది. మరి ఈ స్వల్ప భేదానికి ప్రయోజనమేమిటి? హిస్టోన్లను డి.ఎన్.ఏ. వద్దకు చేర్చే తోడు ప్రోటీన్లు ఈ తేడాలను గుర్తుపడతాయి. హెచ్3.1ను కాఫ్-1 అనే సముదాయం డి.ఎన్.ఏ. ప్రతికృతి జరిగే సమయంలో చేరుస్తుంది. హెచ్3.3ను హైరా, డాక్స్ అనే ప్రోటీన్లు ప్రతికృతితో నిమిత్తం లేకుండా చేరుస్తాయి. 87, 89, 90 స్థానాలలోని తేడాలు అష్టకంలో చేరిన తరువాత లోపల మరుగునపడతాయి. చేరకముందు మాత్రం అవే దానికి గుర్తింపు. నిర్మాణంలో కనబడని తేడా నిర్మాణానికి దారితీసిన క్రమంలో నిర్ణాయకమవుతున్నది.

హెచ్3.3, హెచ్2ఏ.జెడ్ రెండూ ఒకే న్యూక్లియోసోమ్‌లో ఉన్నప్పుడు అది అసాధారణంగా అస్థిరంగా ఉంటుందని చున్యువాన్ జిన్, గ్యారీ ఫెల్సెన్‌ఫెల్డ్ 2007లో చూపారు. 2009లో వారి బృందమే మరో ముఖ్య విషయాన్ని వెల్లడించింది. చురుకైన జన్యువుల ఆరంభస్థానాల వద్ద న్యూక్లియోసోమ్‌లు లేని ఖాళీ ప్రదేశాలు ఉన్నాయని అంతకుముందు భావించేవారు. వాటిలో చాలాచోట్ల నిజానికి ఈ జంట భేదరూపాలు గల న్యూక్లియోసోమ్‌లు ఉన్నాయి. సాధారణంగా వాడే లవణ గాఢతలో అవి విడిపోవడంతో పరిశోధకులకు ఆ చోటు ఖాళీగా కనిపించింది. తాళపత్రంలో శిథిలమైన చోటును చూసి కవి అక్కడ ఏమీ వ్రాయలేదని పరిష్కర్త నిర్ణయించడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే. లేమికి కారణం వస్తువులో ఉందా, పరీక్షించిన పద్ధతిలో ఉందా అన్నది ముందుగా తేల్చవలసిన ప్రశ్న.

4.3 సెన్ప్-ఏ: ఆకృతిపై వివాదం:

కణవిభజనలో క్రోమోసోములను లాగే పోగులు పట్టుకొనే చోటు సెంట్రోమియర్. అక్కడ హెచ్3కి బదులు సెన్ప్-ఏ అనే భేదరూపం ఉంటుంది. ఒక రకం స్వయంప్రతిరక్షక వ్యాధిగ్రస్తుల రక్తంలోని ప్రతిదేహాల సాయంతో 1985లో దీనిని గుర్తించారు. అది హిస్టోన్‌ను పోలినదని తరువాత తేలింది. 2011లో జపాన్ పరిశోధకులు ప్రచురించిన మానవ సెన్ప్-ఏ న్యూక్లియోసోమ్ స్ఫటిక నిర్మాణంలో 121 క్షార జతలు మాత్రమే స్పష్టంగా కనిపించాయి. రెండు చివరలా 13 క్షార జతల చొప్పున డి.ఎన్.ఏ. అష్టకానికి గట్టిగా అంటుకొనక కదలాడుతూ ఉంది. డి.ఎన్.ఏ. చివరను పట్టి ఉంచే సర్పిలభాగం సెన్ప్-ఏలో పొట్టిదై ఉండడమే దీనికి కారణం.

దీనికి ముందు 2007లో డ్రోసోఫిలా ఈగ కణాలపై జరిగిన అధ్యయనం వేరొక చిత్రాన్ని ఇచ్చింది. సెంట్రోమియర్ న్యూక్లియోసోమ్‌లు అష్టకాలు కావు, నాలుగు హిస్టోన్లు ఒక్కొక్కటిగా చేరిన అర్ధరూపాలు అని అది ప్రతిపాదించింది. వాటి ఎత్తు సాధారణ న్యూక్లియోసోమ్‌లో సగమే ఉండడం అందుకు చూపిన ఆధారాలలో ఒకటి. డి.ఎన్.ఏ. కుడిచేతి వాటంగా చుట్టుకొంటుందని 2009లో మరో అధ్యయనం పేర్కొంది. అష్టకమా, అర్ధరూపమా అన్న వివాదం కొన్నేళ్లు సాగింది. స్ఫటిక నిర్మాణం అష్టకాన్ని బలపరిచింది, ఆ అభిప్రాయానికే ఎక్కువ మద్దతు లభించింది. పరీక్షనాళికలో పేర్చిన న్యూక్లియోసోమ్ కణంలోని న్యూక్లియోసోమ్‌కు ఎంతవరకు ప్రాతినిధ్యం వహిస్తుందన్న ప్రశ్నను మాత్రం ఆ వివాదం విలువైనదిగా మిగిల్చింది.

4.4 మాక్రోహెచ్2ఏ, హెచ్2ఏ.బి: రెండు కొసలు:

1992లో ఎలుక కాలేయం నుంచి గుర్తించిన మాక్రోహెచ్2ఏ సాధారణ హెచ్2ఏకు దాదాపు మూడింతలు పెద్దది. హెచ్2ఏను పోలిన భాగం అష్టకంలో స్థానం తీసుకోగా, మాక్రో అనే పెద్ద అంగం వెలుపలికి పొడుచుకొని ఉంటుంది. వ్యాకరణ పరిభాషలో ఇది ఆదేశమూ, ఆగమమూ ఏకకాలంలో జరిగిన స్థితి. స్త్రీ క్షీరదాల కణాలలో నిష్క్రియమైన ఎక్స్ క్రోమోసోమ్ మీద ఇది అధికంగా ఉంటుంది. 2001లో గుర్తించిన హెచ్2ఏ.బి సరిగ్గా దీనికి భిన్నం. ఆ నిష్క్రియ క్రోమోసోమ్ మీద ఇది కనిపించదు. దీని తోక పొట్టిది, ఉపరితలం మీది ఆమ్లప్రదేశం చాలావరకు లోపించింది. ఇది చేరిన న్యూక్లియోసోమ్ 147కు బదులు సుమారు 120 క్షార జతలనే గట్టిగా పట్టి ఉంచుతుంది.

ఈ నాలుగు ఉదాహరణలను కలిపి చూస్తే భేదరూపాల ప్రభావం ఒకే తీరున లేదని స్పష్టమవుతుంది. కొన్ని అంతర్బంధాలను, కొన్ని చుట్టు నిడివిని, కొన్ని ఉపరితలాన్ని మారుస్తాయి. హెచ్3.3 వంటివి ఆకృతిని మార్చకుండా చేరే కాలాన్ని, చోటును మారుస్తాయి. పూసల దండ గాని, లిపి గాని ఈ నాలుగింటినీ ఒకేసారి పట్టి ఇవ్వలేవు.

5. మూలం ఏది? పాఠాంతరం ఏది?

భేదరూపం అన్నప్పుడు దేనినుంచి భేదం అన్న ప్రశ్న వస్తుంది. హెచ్3.1, హెచ్3.2, హెచ్2ఏ వంటివి ప్రామాణిక హిస్టోన్లనీ, తక్కినవి భేదరూపాలనీ వాడుక. ప్రామాణిక హిస్టోన్ల జన్యువులు గుంపులుగా ఉండి, ప్రతికృతి జరిగే దశలో ప్రధానంగా పనిచేస్తాయి. భేదరూపాల జన్యువులు విడిగా ఉండి, తక్కిన దశలలో కూడా పనిచేస్తాయి. ఈ విభజనకు ఆధారం తయారయ్యే కాలమూ పరిమాణమూ తప్ప ప్రాచీనత కాదు.

పరిణామక్రమాన్ని చూస్తే చిత్రం తారుమారవుతుంది. రొట్టె ఈస్ట్‌లో ఉన్న హెచ్3 మన హెచ్3.3ను పోలినదే. ప్రతికృతితో ముడిపడిన హెచ్3 రూపాలు జంతువులలోనూ, మొక్కలలోనూ విడివిడిగా ఏర్పడ్డాయి. డి.ఎన్.ఏ. తెగినప్పుడు గుర్తుగా ఫాస్ఫేట్ చేరే ప్రత్యేక క్రమం మానవులలో హెచ్2ఏ.ఎక్స్ అనే భేదరూపానికే పరిమితం. ఈస్ట్‌లో అది ప్రధాన హెచ్2ఏలోనే ఉంది. డ్రోసోఫిలాలో హెచ్2ఏ.జెడ్, హెచ్2ఏ.ఎక్స్ లక్షణాలు రెండూ ఒకే ప్రోటీన్‌లో కలిసి ఉన్నాయి. ఇక విభజన ఆగిపోయిన నాడీకణాలలో కాలం గడిచేకొద్దీ హెచ్3.3యే అధిక భాగమవుతుంది. అక్కడ ఏది ప్రామాణికం, ఏది భేదం?

గ్రంథ పరిష్కరణలో ఇటువంటి ప్రశ్న తరచు ఎదురవుతుంది. ఎక్కువ ప్రతులలో ఉన్న పాఠమే మూలపాఠమని తొలినాళ్ల పరిష్కర్తలు నమ్మేవారు. ప్రతుల సంఖ్య కాదు, వాటి వంశవృక్షం ముఖ్యమని తరువాతి పరిష్కరణశాస్త్రం స్పష్టం చేసింది. హిస్టోన్ల విషయంలోనూ అధికసంఖ్యాకమైనదే మూలమన్న భ్రమ కలుగుతుంది. అయితే పరిష్కర్తకూ జీవశాస్త్రవేత్తకూ ఒక మౌలిక భేదం ఉంది. పరిష్కర్త పాఠాంతరాల నుంచి ఒకదానిని ఎంచి తక్కినవాటిని అధోజ్ఞాపికలకు పంపుతాడు. కణానికి అన్ని పాఠాలూ కావాలి. ఒక్కొక్కటి ఒక్కొక్క చోట, ఒక్కొక్క వేళ.

6. పేర్ల వివాదం:

శబ్దం ఒక అర్థంలో ప్రవర్తించడానికి జాతి, గుణం, క్రియ, యదృచ్ఛ అని నాలుగు నిమిత్తాలను భారతీయ శబ్దశాస్త్రం చెప్పింది. హిస్టోన్ భేదరూపాల పేర్లలో ఈ నాలుగింటి ఛాయలూ కలగాపులగంగా కనిపిస్తాయి. హెచ్3.3 కుటుంబాన్ని చెప్పే పేరు. మాక్రోహెచ్2ఏ పరిమాణమనే గుణాన్ని చెప్పే పేరు. సెన్ప్-ఏ అంటే సెంట్రోమియర్ ప్రోటీన్-ఏ, ఉండి పనిచేసే తావును బట్టి వచ్చిన పేరు. ఎక్స్, జెడ్ అక్షరాలు కేవలం గుర్తు కోసం పెట్టినవి. హెచ్2ఏ.బికి మొదట పెట్టిన పేరు మరీ విచిత్రం. నిష్క్రియ ఎక్స్ క్రోమోసోమ్‌కు బార్ దేహమని పేరు. ఆ బార్ దేహంలో లేనిది అనే అర్థంలో, అంటే అభావాన్ని నిమిత్తంగా చేసుకొని, దానికి పేరు పెట్టారు.

2012లో పాల్ టాల్బర్ట్, మరికొందరు శాస్త్రవేత్తలు కలిసి పరిణామ వంశక్రమం ఆధారంగా ఏకరూప నామకరణాన్ని ప్రతిపాదించారు. దాని ప్రకారం సెన్ప్-ఏకు సెన్‌హెచ్3 అనే పేరు రావాలి. 2013లో విలియం ఎర్న్‌షా, మరికొందరు దీనిని వ్యతిరేకిస్తూ ప్రచురించిన వ్యాస శీర్షికలో ఈ ప్రయత్నాన్ని హిస్టోన్ల ఎస్పరాంతోగా అభివర్ణించారు. కృత్రిమ భాషతో ఈ పోలిక ఆలోచించదగినది. ఒక పక్షం శాస్త్రీయతనూ, మరొక పక్షం వాడుకనూ ప్రమాణంగా తీసుకున్నాయి. గ్రాంథిక, వ్యావహారిక వాదాల చరిత్ర తెలిసిన తెలుగు పాఠకునికి ఈ వాదం స్వరూపం కొత్తగా తోచదు. ఆచరణలో రెండు పేర్లూ నిలిచాయి. హెచ్2ఏ.బి వంటి పేరు మార్పులు వాడుకలోకి వచ్చాయి, సెన్ప్-ఏ మాత్రం తన పాత పేరును విడువలేదు.

7. తెలుగు పరిభాష: పొరబడితే జరిగే నష్టం:

1968లో తెలుగు అకాడమి ఏర్పడిన నాటి నుంచి శాస్త్ర పరిభాషా నిర్మాణం తెలుగులో ఒక వ్యవస్థగా సాగింది. మ్యుటేషన్‌కు ఉత్పరివర్తనం వంటి పదాలు ఆ కృషి వల్లనే విద్యార్థుల నోట నిలిచాయి. వేరియంట్ అనే పదానికి మాత్రం సందర్భాన్ని బట్టి పలు పదాలు వాడవలసి వస్తుంది. హిస్టోన్ల సందర్భంలో వాటి యుక్తాయుక్తాలు ఇలా ఉన్నాయి.

రూపాంతరం: ఒకటి మరొకటిగా మారడం అనే అర్థం దీనిలో బలంగా ఉంది. హెచ్3.1 ఎన్నడూ హెచ్3.3గా మారదు. రెండూ వేర్వేరు జన్యువుల ఉత్పత్తులు. కనుక ఈ పదం తప్పుదారి పట్టిస్తుంది.

పాఠాంతరం: మూలం ఒకటి ఉందని, తక్కినవి దాని నుంచి తొలగినవని సూచిస్తుంది. అయిదో భాగంలో చెప్పిన కారణాల వల్ల ఇది సరిపడదు.

వికల్పం: ఇది వచ్చినా సరే, అది వచ్చినా సరే అన్న స్వేచ్ఛను సూచిస్తుంది. తోడు ప్రోటీన్లు చోటునూ వేళనూ నియమిస్తున్నప్పుడు ఆ స్వేచ్ఛ లేదు.

ఉత్పరివర్తితం: ఇది అన్నింటికంటే ప్రమాదకరం. దీని వల్ల కలిగే పొరపాటు పదాలకే పరిమితం కాదు. 2012లో పిల్లల మెదడు కణితులపై జరిగిన అధ్యయనాలలో హెచ్3.3ను తయారుచేసే జన్యువులో ఉత్పరివర్తనాలు బయటపడ్డాయి. వాటిలో ఒకదాని వల్ల ప్రోటీన్‌లో 27వ స్థానంలోని లైసిన్ పోయి మెథియోనిన్ వస్తుంది. మార్పు చెందిన ప్రోటీన్ మొత్తం హెచ్3లో కొద్ది భాగమే అయినా, తక్కిన హెచ్3 అణువుల 27వ స్థానంలో మిథైల్ సమూహాలు చేరడం కూడా బాగా తగ్గిపోతుంది. ఇక్కడ హెచ్3.3 భేదరూపం. అది ప్రతి మనిషిలోనూ ఉన్నది, ఉండవలసినది. దానిలో వచ్చిన మార్పు ఉత్పరివర్తనం. అది వ్యాధికి కారణం. రెండింటికీ ఒకే తెలుగు పదం వాడితే సహజమైన ప్రోటీన్ వ్యాధిగానూ, వ్యాధి సహజ వైవిధ్యంగానూ అర్థమయ్యే ప్రమాదం ఉంది.

ఆంగ్లంలో ఈ గందరగోళం ఇప్పటికే ఉంది. 2015లో అమెరికా వైద్య జన్యుశాస్త్ర సంస్థల మార్గదర్శకాలు మ్యుటేషన్ అనే మాటకు బదులు వేరియంట్ అనే మాటనే వాడి, దాని ముందు వ్యాధికారకం, నిరపాయం వంటి విశేషణాలు చేర్చాలని సూచించాయి. ఫలితంగా హెచ్3.3 అనే వేరియంట్‌లోని వ్యాధికారక వేరియంట్ అని చెప్పవలసిన పరిస్థితి ఏర్పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో కూడా ఈ కణితి పేరు స్థిరంగా లేదు. 2016లో ఉత్పరివర్తనాన్ని పేర్కొన్న పేరు, 2021లో మార్పు చెందినది అనే విస్తృతార్థంలోకి మారింది. ఉత్పరివర్తనం లేకుండానే అదే ఫలితం కలిగే కణితులను కూడా కలుపుకోవడం దాని ఉద్దేశం. తెలుగులో రెండు వేర్వేరు పదాలను మొదటి నుంచీ పాటిస్తే ఆంగ్లంలోని చిక్కును దిగుమతి చేసుకోవలసిన అవసరం లేదు. వ్యాధి నివేదికను తెలుగులో వివరించవలసిన వైద్యునికీ, దానిని వినే తల్లిదండ్రులకూ ఈ తేడా అక్షరాలా ముఖ్యం.

ఈ కారణాల వల్ల భేదరూపం అనే పదం యుక్తంగా కనిపిస్తుంది. మూలాన్ని గాని, మార్పును గాని, దోషాన్ని గాని అది సూచించదు. ఒకే కుటుంబంలోని వేర్వేరు రూపాలు అన్నంతవరకే చెబుతుంది. భేదరూపం అష్టకంలో చేరే ప్రక్రియను ఆదేశమనీ, హిస్టోన్ తోకలపై రసాయన సమూహాలు చేరడాన్ని ఆగమమనీ బోధనలో వివరించవచ్చు. ఆధునిక వ్యవహారంలో ఆదేశానికి ఆజ్ఞ అనే అర్థం ప్రబలంగా ఉంది కనుక దానిని పారిభాషిక పదంగా కాక వివరణ సాధనంగా మాత్రమే వాడడం మంచిది.

8. ముగింపు:

హిస్టోన్ భేదరూపాలు న్యూక్లియోసోమ్‌ను మార్చే తీరు నాలుగు విధాలుగా కనిపిస్తున్నది: లోపలి బంధాలు, చుట్టిన డి.ఎన్.ఏ. నిడివి, ఉపరితలం, చేరే కాలస్థానాలు. పూసల దండ వీటిని దాచివేస్తుంది. లిపి రూపకం వీటిని వ్రాతగా పొరబడుతుంది. రూపకం లేకుండా శాస్త్రాన్ని బోధించడం కష్టం. కనుక రూపకాన్ని వదలమనడం ఈ చర్చ ఉద్దేశం కాదు. ప్రతి రూపకంతోనూ అది చెల్లని చోటును కూడా బోధించాలి. దారం పూస లోపలి నుంచి కాక వెలుపల చుట్టుకొంటుందని, పూసలన్నీ ఒకటి కావని తరగతి గదిలో ఒక్క వాక్యం చేర్చడం పెద్ద పని కాదు. శాస్త్ర పాఠ్యపుస్తక రచనలో తెలుగు శాఖల అధ్యాపకుల పాత్ర ఇప్పటివరకు ఎక్కువగా భాషాదోషాలు దిద్దడానికే పరిమితమైంది. ఉపమానాల పరీక్ష, పారిభాషిక పదాల అర్థవిచారణ కూడా వారి పనే అయినప్పుడు విజ్ఞానశాస్త్రానికీ తెలుగుకూ మేలు జరుగుతుంది.